రెండో స్విచ్చు

“ఎవరండీ మీరు? మిషను మీద చెయ్యి వేస్తారేంటి?” అని గద్దించాడు సూపర్‌వైజరు.

డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు ముందు వంగి, స్విచ్చుల పెట్టె విప్పి చూస్తున్నాడు ఎవరో పెద్దాయన.

సూపర్‌వైజరుకు ఒళ్లు మండింది. ఉద్యోగంలో చేరి వారమే. నాలుగింటికల్లా లారీ వస్తుంది. మూతలు సగం కూడా కాలేదు.

“ఈ తీగ కట్టిందెవరు బాబూ?”

“నేనే. అయితే ఏంటట?”

“రెండు స్విచ్చులూ ఒకే దారిలో ఉన్నాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కరెంటు పూర్తిగా చుట్టి వస్తుంది, ప్రెస్సు దిగుతుంది. నువ్వు ఎడమదాన్ని తప్పించి అడ్డదారి వేశావు.”

“నాకు పాఠాలొద్దు. ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో రేకు అందిస్తే పని రెట్టింపవుతుంది.”

“కరెంటుకు దారి దొరికితే చాలు బాబూ. ప్రెస్సు కింద ఉన్నది రేకో చెయ్యో అది చూడదు.”

ప్రెస్సు దగ్గర కూర్చున్న పనామె కిసుక్కున నవ్వింది. “ఎందుకు బాబాయ్ గొంతు నొప్పి? లారీ వచ్చేదాకా ఈయన చెవులు పనిచెయ్యవు.”

పెద్దాయన నవ్వలేదు. తీగ ఊడబీకి జేబులో వేసుకున్నాడు.

“ముందు బయటికి నడవండి!”

రెక్క పట్టుకుని గుమ్మం దాటించాడు సూపర్‌వైజరు. అటునుంచి అటే స్టోరుకెళ్లి, ఇంకో తీగముక్క వెతికి పట్టుకొచ్చాడు.

వచ్చేసరికి పనామె ముఖంలో నెత్తురుచుక్క లేదు. కుడిచెయ్యి స్విచ్చు మీద ఉంది. ఎడమచెయ్యి ప్రెస్సు కింద ఉంది.

ప్రెస్సు మాత్రం పైనే ఉంది.

“మూత ఇరుక్కుందన్నా,” అంది మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంటూ. “తీద్దామని ఎడమచెయ్యి పెట్టాను. వారం రోజుల అలవాటు కదా, కుడిచెయ్యి దానంతటదే నొక్కేసింది.”

తీగముక్క అక్కడే పడేసి, గేటుదాకా పరిగెత్తాడు సూపర్‌వైజరు.

రోడ్డు ఖాళీగా ఉంది.

“ఆ పెద్దాయనా? ఇప్పుడే బస్సెక్కేశాడు సార్,” అన్నాడు వాచ్‌మన్. “కొత్త సూపర్‌వైజరు వచ్చాడని తెలిస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి ఆ పెట్టె విప్పి చూసిపోతాడు.”

“ఎవరాయన? మిషను కంపెనీ ఇంజనీరా?”

“కాద్సార్, ఒకప్పుడు మీ కుర్చీలో కూర్చున్నాయనే. ఆ మిషనుకు మొట్టమొదట అడ్డదారి తీగ కట్టింది ఆయనే. ఆ రోజు దాని ముందు కూర్చున్నది వాళ్లమ్మాయి.”