గనియు సొరుగులో గోళ్లరంగు

ఏమోయ్, ఆ పాత కంప్యూటరుని చంటిపిల్లలా చంకనెత్తుకుని ఎక్కడికి బయల్దేరావు? లాగోస్‌లోని ఇకేజా కంప్యూటర్ల బజారుకా? ర్యామ్ పెంచడానికా? వెళ్దువుగానిలే. మీ ఆవిడ గోళ్లరంగు సీసా జేబులో పెట్టుకున్నావా? లేదూ! అయితే ఇలా కూర్చుని ముందు గనియు సంగతి విను.

కంప్యూటర్లు బాగుచేసి, పాత విడిభాగాలు అమ్మే గనియు దుకాణం ఆ బజారులో మూడో సందులో. లోపల గోడకి పెద్ద అట్ట వేలాడుతుంది: 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు.' అమ్మే ప్రతి ముక్కకీ దుకాణం పేరుతో అదే మాట లేబుల్ అంటిస్తాడు. పాడు సరుకు అంటగట్టావని ఎవరొచ్చి ఏడ్చినా, తిట్టినా, తల కూడా ఎత్తకుండా స్క్రూడ్రైవరుతో ఆ అట్టవైపు చూపిస్తాడు. అందుకే మనుషుల మొహాలు వాడికి గుర్తుండవు.

ఒక మధ్యాహ్నం ఎబియెరె అనే ఆవిడ వచ్చింది. పరీక్ష ఫారాలు నింపిపెట్టే చిన్న కొట్టు ఆవిడది. కంప్యూటరు బల్లమీద దించి కూలబడింది. ఓగా అంటే అక్కడ 'బాబుగారూ' అన్నట్టులే.

"ఓగా, వారంనుంచి కొట్టు మూసేశాను. ఆన్ చేస్తే కీచుమంటోంది తప్ప తెర వెలగట్లేదు. ఫారాలకి ఇంక మూడ్రోజులే గడువు. ఎలాగూ విప్పుతావుగా, ర్యామ్ కూడా పెంచెయ్యి."

గనియు మూత తీశాడు. నోట్లో నీళ్లూరాయి. లోపల పాతరకం ర్యామ్‌లు రెండు, ఒక్కోటి నాలుగు జీబీ అని లేబుల్. వాటిని తయారుచెయ్యడం ఎప్పుడో మానేశారు, అందుకే బజారులో వాటి రేటు కొత్తవాటి రేటుకి మూడింతలు. రెండింటి అంచులకీ ఎర్ర గోళ్లరంగు చుక్కలు. రిపేరుకి ఇచ్చేముందు అక్కడ అందరూ పెట్టుకునే గుర్తే అది, రిపేరు చేసే ఇంజినీరు లోపలి ముక్కలు మార్చేస్తే తెలిసిపోవాలని.

గనియు సొరుగులో పదకొండు రంగుల సీసాలున్నాయని వాళ్లకేం తెలుసు!

"పెంచడమా? ఈ ముసలి మదర్‌బోర్డుకా?" అని నాలిక చప్పరించాడు. "కంప్యూటరు రేటుని ర్యామ్ రేటు మింగేస్తుంది మేడమ్. పోనీ పెట్టినా బోర్డు తట్టుకోదు, వారానికే పడుకుంటుంది. డబ్బు తగలెయ్యకండి. అంచులకి మట్టి పట్టింది, రబ్బరుతో రుద్దితే లేచి కూర్చుంటుంది. మీరెళ్లి బ్రెడ్డూ బీన్సూ తినిరండి."

"వచ్చాక నా గుర్తులు చూసుకునే తీసుకుంటా, చెప్తున్నా."

"చూసుకోండి తల్లీ, భూతద్దం పెట్టుకుని చూసుకోండి!"

ఆవిడ సందు మలుపు తిరిగిందో లేదో, రెండు ర్యామ్‌లూ గనియు జేబులోకి దూరాయి. వాటి చోట తన ఒక జీబీ ముక్కలు రెండు గుచ్చాడు. ఎర్రచుక్కలు పెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊది ఆరబెట్టాడు. మీట నొక్కగానే తెర వెలిగింది. 'చూశావా, మట్టే!' అనుకున్నాడు. పాత మిషన్లలో పదింట తొమ్మిదింటికి అదే జబ్బు మరి.

ఎబియెరె వచ్చి చుక్కలు చూసుకుంది. తెర చూసింది.

"రెండు జీబీలే అంటోందేంటి ఓగా?"

"పాత బోర్డు మేడమ్. దానికి లెక్కలు రావు."

"పనిచేస్తే చాల్లే. లెక్కలు నేను చూసుకుంటా."

రుద్దినందుకు కూలీ ఇచ్చి, వేడివేడి పఫ్-పఫ్ బూరెల పొట్లం కూడా వాడి చేతిలో పెట్టి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

పొట్లం ఖాళీ కాకముందే గనియు పక్క సందులోని వ్యాపారి ఒబిన్నాని కేకేసి పిలిచాడు. రెండు నెలలుగా ఆ రకం ర్యామ్ కోసం తిరుగుతున్నాడు ఒబిన్నా. కానీ మిషన్లో పెట్టి చూడకుండా ఏ వ్యాపారీ కొనడు. పెట్టారు. కీచుమంది. రబ్బరుతో రుద్దారు. కీచుమంది. రెండోది పెట్టారు, మిషను మార్చారు. అదే కీచు.

ఒబిన్నా ఒకదాన్ని తిప్పి చూసి, నాలుగు జీబీ లేబుల్ని గోటితో గీకాడు.

"ఓగా, దీనికింద ఇంకో లేబులుంది. ఆగు, చదువుతా... 'గనియు కంప్యూటర్స్. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు.'"