సున్నా నొక్కితే

"సున్నా నొక్కితే ఎవరికి పోవాలి సార్?" అని అడిగాడు టెలిఫోన్ టెక్నీషియన్, గోడకున్న పెట్టె ముందు స్టూలు మీద కూర్చుని.

"అంటే?" అన్నాడు మేనేజరు.

"బయటివాళ్లు ఫోన్ చేస్తే ఇకమీదట మెషిన్ ఎత్తుతుంది. అమ్మకాలకి ఒకటి, రిపేర్లకి రెండు, బిల్లులకి మూడు నొక్కమంటుంది. నాలుగు రింగులదాకా ఎవరూ ఎత్తకపోతే, విషయం చెప్పి పెట్టెయ్యమంటుంది. కానీ మనిషితోనే మాట్లాడతానని మొండికేసేవాళ్లు ఉంటారు కదా, వాళ్లు సున్నా నొక్కుతారు. దానికి ఏదో ఒక నంబరు ఇవ్వాల్సిందే. లేకపోతే ప్రోగ్రాం ముందుకి కదలదు."

నీళ్ల మోటార్లు అమ్మే ఆ కంపెనీలో ఇన్నాళ్లూ ఏ ఫోన్ వచ్చినా మొదట ఎత్తింది ఆపరేటరమ్మే. ఇప్పుడావిడ తన బోర్డు ముందే ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా పొద్దున ఇచ్చిన కాగితం ఉంది. ఈ మధ్యాహ్నం నుంచి సెల్లార్‌లోని పాత ఫైళ్ల గదికి బదిలీ. మూడు నెలలు చూసి, అక్కడ చెప్పుకోదగ్గ పని లేదని తేలితే పోస్టు రద్దు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ఆవిడకి కోపం రావాలి, కనీసం ఏడుపైనా రావాలి. రెండూ రాలేదు. పన్ను పీకేముందు ఇంజక్షన్ ఇచ్చిన దవడలా ఉంది మనసు.

మేనేజరు హాల్లోకి నడిచాడు.

"సున్నా నువ్వు తీసుకోవయ్యా," అన్నాడు అమ్మకాల గుమస్తాతో.

"అయ్యో, తిట్లన్నీ నాకేనా సార్? నేను కొత్త మోటార్లు అమ్మాలా, కాలిపోయిన మోటార్లకి క్షమాపణలు చెప్పాలా?"

రిపేర్ల సూపర్‌వైజర్‌కి ఉన్నట్టుండి తన చెవిపోటు గుర్తొచ్చింది. బిల్లులు రాసే అమ్మాయి అసలు తలే ఎత్తలేదు. పిల్లి మెడలో గంట కట్టే మాట వచ్చేసరికి ఎవరి కంప్యూటర్లోకి వాళ్లు దూరిపోయారు.

"పోనీ, మీకే పెట్టమంటారా సార్?" అన్నాడు టెక్నీషియన్.

"నాకా! నాకింకేం పనుల్లేవనుకున్నావా?"

ఇంతలో బోర్డు మీద దీపం వెలిగింది. ఆపరేటరమ్మ ఎత్తింది. భర్త.

"ఏమైంది?" అన్నాడాయన.

"కింద ఫైళ్ల గదికి వేశారు."

"అక్కడ పనేముంటుంది?"

"ఏమీ ఉండదు. అందుకే వేశారు."

"ఏడుస్తున్నావా?"

"లేదండీ. రావడం లేదు."

మోకాళ్లు అరిగిపోయి ఆయన ఇంటిపట్టున కూర్చున్నాక ఇల్లు గడిచేది ఈ జీతం మీదే. "ఏమైనా తిన్నావా?" అని మాత్రం అడిగి ఫోన్ పెట్టేశాడు.

మేనేజరు నంబర్ల జాబితా పట్టుకుని తిరిగొచ్చాడు. ఒక వరస మీద వేలు పెట్టాడు. "ఇదిగో, ఈ రెండు ఒకటి తొమ్మిది ఎవరిది? ఎదురుగా పేరే లేదు."

టెక్నీషియన్ పెట్టెలో చూశాడు. "లైను బాగానే ఉంది సార్. ఫోన్ ఎక్కడుందో మాత్రం ఇందులో రాయలేదు."

"ఏమ్మా, ఈ నంబరు ఎవరికిచ్చాం?"

"ఎవరికీ ఇవ్వలేదు సార్," అంది ఆపరేటరమ్మ.

"మోగితే ఎవరైనా ఎత్తుతారా?"

"ఇన్నేళ్లలో ఒక్కరు కూడా ఎత్తలేదు సార్."

మేనేజరు ముఖం చాటంతయింది. "ఇంకేం! సున్నా దీనికే పెట్టెయ్. నాలుగు రింగులు మోగుతుంది, మళ్లీ మెషినే ఎత్తుతుంది. మనిషి కోసం అడిగి చూశామన్న తృప్తి వాళ్లకి, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదన్న తృప్తి మనకి. పామూ చచ్చింది, కర్రా విరగలేదు!"

టెక్నీషియన్ ఏవో అంకెలు నొక్కాడు. తన సెల్‌ఫోన్ నుంచి ఆఫీసుకి చేసి, స్పీకర్ పెట్టి, సున్నా కొట్టాడు. నాలుగు రింగులు మోగాయి. ఎవరూ ఎత్తలేదు. "మీ కాల్ మాకెంతో ముఖ్యం," అని మెషిన్ మేనేజరు గొంతుతోనే చెప్పింది. హాల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"సంతకం పెట్టండి సార్. ప్రోగ్రాం లాక్ చేశాను. మళ్లీ మార్చాలంటే హెడ్డాఫీసు నుంచి కాగితం రావాలి."

"మార్చడమెందుకయ్యా, భేషుగ్గా ఉంది," అంటూ మేనేజరు సంతకం గీకేసి చేతులు దులుపుకున్నాడు. తర్వాత ఫైళ్ల గది తాళంచెవి తీసి ఆపరేటరమ్మ ముందు పెట్టాడు. "కింద ఎవరి గోలా ఉండదమ్మా. హాయిగా ఉండొచ్చు."

"అలాగే సార్."

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై రెండేళ్లుగా చెవుల మీద ఉన్న బరువు దిగినా తేలిగ్గా అనిపించలేదు. మంచినీళ్ల సీసా, కళ్లజోడు పెట్టె, ఒక కొత్త నోటుబుక్కు సంచిలో వేసుకుని మెట్లు దిగింది. ఎవరూ తలెత్తి చూడలేదు. ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

గదికి కిటికీ లేదు. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. గోడల పొడుగునా తాళ్లతో కట్టిన ఫైళ్లు, వాటి మీద వేలు మందాన దుమ్ము. కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉంది. ఆవిడ దాన్ని తుడుచుకుని కూర్చుంది. బల్ల మీది కట్టల్ని ఒక్కొక్కటే దించి నేల మీద పెట్టింది. అన్నిటికన్నా అడుగున పాత నల్ల ఫోన్ ఉంది. దాన్నీ శుభ్రంగా తుడిచి దగ్గరికి లాక్కుంది. నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో తేదీ వేసింది.

అయిదు నిమిషాలకి ఫోన్ మోగింది. రెండో రింగుకే ఎత్తి, "నమస్కారం, రెండు ఒకటి తొమ్మిది, చెప్పండి," అంది.