పచ్చాకు పొడి

ఇవమారు మళ్లీ తొట్టిని గుద్దుకుంది.

చిజురు పరుగెత్తుకెళ్లి దాని పగ్గం పట్టుకుంది. తాజిమా కొండల్లో అంత అందమైన నల్ల ఎద్దు లేదని పేరు. ఇప్పుడది నెమరు వేయడం లేదు. దాణా సగం తొట్టిలోనే మిగిలిపోతోంది. నడుస్తూ నడుస్తూ గోడకి తగులుకుంటోంది.

చలికాలంలో, మాంసంలో కొవ్వు అల్లికని బట్టి గెలుపు తేల్చే పోటీలో ఇవమారు నెగ్గితేనే ఈ కొట్టం నిలుస్తుంది. లేకపోతే అమ్మకమే.

మామగారు తొకుజో నడుము ఆపరేషన్‌కి పట్నం వెళ్లారు. వెళుతూ చెప్పింది ఒక్కటే.

"నేను పెట్టేదే పెట్టు. వరిగడ్డి, దాణా. అంతే."

"ఎందుకని మావయ్యా?"

"అడిగితే పని రాదమ్మాయ్. చూసి నేర్చుకోవాలి. మా నాన్న నాకేమైనా చెప్పాడా?"

చూడ్డానికి ఆయన లేరు. పట్నంలో పుట్టి పెరిగిన చిజురుకి పశువుల సంగతి తెలీదు.

"ఏం కోడలు పిల్లా, మీ ఎద్దు రాజావారికి భోజనం సయించడం లేదటగా?"

పక్క కొట్టం కురాతా. ఆయన ఎద్దు కూడా అదే పోటీకి వెళుతోంది. చేతిలో కాగితం సంచి.

"మల్బరీ ఆకు, మాచిపత్రి. నీడలో ఎండబెట్టి దంచాను. కడుపు దారిలో పడుతుంది. మీ మామకి మాత్రం చెప్పకు. ముసలాడికి కొత్తదంటే గిట్టదు."

"మీ ఎద్దుకీ ఇదే పెడుతున్నారా?"

కురాతా నవ్వాడు. "దానికేం రోగమమ్మా, పెట్టడానికి?"

ఆ నవ్వు చిజురుకి నచ్చలేదు. ముందు తనే చెంచాడు పొడి నోట్లో వేసుకుంది. చేదు. ఏమైనా అవుతుందేమోనని సాయంత్రం దాకా ఆగి చూసింది. ఏమీ కాలేదు.

మర్నాడు దాణాలో కలిపింది.

ఇవమారు నెమరు వేసింది. తొట్టి ఖాళీ చేసింది. సంచి అయిపోయేసరికి, అడక్కుండానే కురాతా ఇంకోటి తెచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు. ఎద్దు కళ్లలోకి మాత్రం చాలాసేపు చూసి వెళ్లాడు.

ఆ చూపు చిజురుకి అనుమానం పుట్టించింది. అయినా పొడి ఆపలేదు. ఎద్దు బాగుపడుతోంది మరి.

తొకుజో తిరిగొచ్చారు. కర్ర ఊతంగా నేరుగా కొట్టంలోకి నడిచారు. ఇవమారు తల తిప్పి చూసింది. దారిలో ఉన్న బకెట్‌ని తప్పుకుని ఆయన దగ్గరికొచ్చింది.

"చూశారా మావయ్యా! తిండి ఒంటబడుతోంది. చూపు కూడా తేరుకుంది. ఆకు పొడి పెట్టాను."

"ఎవరిచ్చారు?"

"కురాతా గారు. మీరు వెళ్లినప్పట్నుంచీ."

తొకుజో గడ్డిలో కూలబడ్డారు.

చిజురు ఆయన పక్కన కూర్చుంది. "విషమా మావయ్యా?"

"కాదమ్మాయ్. మంచి మందే. పచ్చాకు అందకపోతే పశువుకి చూపు పోతుంది. కానీ పచ్చాకు ముట్టని ఎద్దు మాంసంలోనే కొవ్వు మంచు కురిసినట్టు అల్లుకుంటుందని, ఏడాదిగా దాని చూపు ఆర్పుతూ వస్తున్నది నేనే."