ఒంటిపూట శిక్షణ

"ఏమ్మా, ఇందులో నీకెంత ముడుతుంది?"

రొయ్యల షెడ్డు యజమాని బుల్లబ్బాయి అలా అనేసరికి, ఎదురుగా నిలబడ్డ ఆవిడ ముఖం ఎర్రబడింది. కూర్చోమని కూడా అనలేదు మహానుభావుడు.

"నాకేం ముట్టదండీ. మీ పనోళ్లకి కట్లు కట్టడం ఒక్కటే నేర్పిస్తున్నారంట కదా. అది చాలదండి. గుండె ఆగితే ఛాతీ నొక్కడం, ఆ సీపీఆర్ కూడా నేర్పించండి. కాకినాడ నుంచొచ్చేవాళ్లు రెండూ కలిపి నేర్పుతారండి. ఒక్క రోజు పని."

"పైనుంచి ఆర్డరొచ్చిందని ఒంటిపూటకి ఒప్పుకున్నాను. రెండో పూటా పని ఆపితే రొయ్య మెత్తబడిపోద్ది. మావాళ్లకి వేళ్లు తెగుతాయమ్మా, గుండెలు ఆగవు."

"మగాళ్లు జబ్బున్నా పైకి చెప్పుకోరండి."

"మావాళ్ల సంగతి నీకెందుకు?"

ఆవిడ ఐసు గది వైపు ఓ చూపు చూసి, కొంగు సర్దుకుంది.

"కమీషన్ ఏజెంట్లంతా ఇంతే. ఇక బయల్దేరమ్మా."

ఆవిడ వెళ్లిపోయింది. శిక్షణ ఒంటిపూటే జరిగింది. రొయ్యకున్న విలువ మనిషికెక్కడిది?

ఆ నెల తిరక్కుండానే షెడ్డు సూపర్‌వైజర్ ఆంథోనీ ఐసు గదిలో కుప్పకూలాడు.

అందరూ పరిగెత్తారు. రొయ్యలు ఒలిచే వీరవేణి కట్లపెట్టె పట్టుకొచ్చింది. కట్టడానికి ఎక్కడా గాయం లేదు. ఒకరు ముఖాన సోడా చల్లారు. ఒకరు అరికాళ్లు రుద్దారు.

"తప్పుకోండెహే," అంటూ బుల్లబ్బాయి తన తాళాలగుత్తి తీసి ఆంథోనీ గుప్పిట్లో పెట్టి బిగించాడు. ఎవరు పడిపోయినా చేతిలో ఇనుము పెట్టడం మనకు ఉగ్గుపాలతో అబ్బిన వైద్యం కదా!

ఛాతీ మీద చెయ్యి వేసినవాడు ఒక్కడూ లేడు.

ఆసుపత్రిలో డాక్టరు ఆ గుప్పిట చూసి పళ్లు కొరికాడు.

"తాళాలు పెట్టి కూర్చున్నారా? ఛాతీ నొక్కి ఉంటే బతికేవాడేమో. ఎప్పట్నుంచో నా దగ్గర గుండెకి మందులు వాడుతున్నాడు. మీకు చెప్పలేదా?"

"లేదండి. చెప్పుంటే ఆ రోజే పన్లోంచి తీసేసేవాణ్ని కదండీ."

"అందుకే చెప్పలేదు," అన్నాడు డాక్టరు.

మర్నాడు బుల్లబ్బాయి దండ పట్టుకుని మెట్టకూరులో ఆంథోనీ ఇంటికి వెళ్లాడు. ఏళ్ల తరబడి తన దగ్గర చాకిరీ చేసినవాడి గడప తొక్కడం అదే మొదలు. దండ ఒక వంక. షెడ్డు తాళాలు శవంతో పాటు వెళ్లిపోయాయి, తలుపులు తెరుచుకోవాలి మరి.

శవపేటిక పక్కన తల వంచుకుని కూర్చున్న ఆంథోనీ భార్య చెవిలో ఎవరో తాళాల మాట వేశారు.

ఆమె లేచింది. లోపలికెళ్లి తాళాలగుత్తి తెచ్చి బుల్లబ్బాయి చేతిలో పెట్టింది.

"మిగిలినోళ్లకైనా రెండూ కలిపి నేర్పించండి," అంది ఆ కమీషన్ ఏజెంటు.