ఆగకూడని స్వరం

"అన్నయ్యా, నన్ను వదిలెయ్."

చెల్లెలు వెనకనుంచి అంది. అన్న పలకలేదు. చెక్క వేదికమీద వంగి బూట్లు విప్పుకుంటున్నాడు. ఆమె ఎదురుగా వచ్చి మళ్ళీ అడిగింది.

"ఏదున్నా ఇలా ఎదురుగా వచ్చి చెప్పు. వెనక నిలబడి సణగొద్దు," అన్నాడు.

ఆ రోజు సాధన, తంత్రీవాద్య బృందం కోసం అతడు కట్టిన ప్రార్థనకు. వయొలిన్లూ చెల్లోలూ నాలుగే స్వరాల మెట్లు నెమ్మదిగా దిగుతాయి. అడుగుకు చేరగానే మళ్ళీ పైనుంచి మొదలుపెడతాయి. ఆమె వాయించే మనిషెత్తు డబుల్ బేస్‌కు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకే మంద్రస్వరం. అందుకోసం ఆమెను వెనక వరసనుంచి తెచ్చి, వేదికమీద తన పక్కనే నిలబెట్టాడు. మిగిలినవాళ్ళంతా కింద రాతినేలమీద. ఈ ఏడాది అతడు మరో కృతిని ముట్టుకోలేదు. కాబట్టి ఆమె వేళ్ళూ మరో స్వరాన్ని ముట్టుకోలేదు.

"పక్క ఊరి బృందం పిలిచింది. సాయంత్రంలోగా చెప్పాలి. అక్కడైతే నాకూ వాయించడానికి ఏదో ఒకటి ఉంటుంది."

"కుదరదు. నీ స్వరం ఆగితే ప్రార్థన ఆగుతుంది."

"ఏం ఆగదు. నేను లేనని ఎవరికీ తెలియను కూడా తెలియదు."

"నాకు తెలుస్తుంది."

చెల్లో వాయించే పెద్దావిడ కిందనుంచి నవ్వింది. "ఊరుకోవే అమ్మాయ్! బూట్లు విప్పి కళ్ళు మూసుకున్నాడంటే మీ అన్నయ్య ఈ లోకంలో ఉండడు. మనందరం లేచి టీకి వెళ్ళొచ్చినా పట్టదు."

అతడు వట్టికాళ్ళతో నిలబడి, కళ్ళు మూసి, చెయ్యెత్తాడు.

స్వరాలు దిగసాగాయి. ఒక్క తీగకు కట్టేసిన మనిషి ఎంతకాలమని నిలబడుతుంది? తను లేకపోయినా ప్రార్థన సాగుతుందని అతడికే వినిపిస్తే, కాదనడానికి ఇక కారణం మిగలదు. అలా నిశ్చయించుకుని కమాను ఎత్తేసి, అరచేత్తో తీగను అణిచింది.

అనుకున్నట్టే ఏదీ ఆగలేదు. పెద్దావిడ వాయిస్తూనే ఏమైందన్నట్టు కనుబొమ లేపింది. వయొలిన్లు గది నిండా మోగుతున్నాయి.

అన్న చెయ్యి మాత్రం గాలిలో నిలిచిపోయింది. అతడి అరికాళ్ళు చెక్కను తడిమాయి.

ఇప్పటికైనా వింటున్నాడు కదా అని ఆమె తేలికపడింది.

అతడు కళ్ళు తెరవకుండానే విసుక్కున్నాడు:

"అందరూ ఎందుకు ఆపేశారు?"