కుబాత్ కుక్క

“ముట్టుకోకు అక్కా, కరుస్తుంది,” అన్నాడు మెదెర్.

అప్పటికే నూర్జమాల్ ముట్టుకుంది. పొద్దుటి నుంచి ఇద్దరు మగవాళ్ల మీదికి ఎగబడ్డ ఆ వేటకుక్క ఆమె చేతిని వాసన చూసి, తల ఆమె మోకాళ్ల మధ్య దూర్చి నిలబడింది.

“నీ చేతిలో ఏదో మహత్తు ఉంది,” అన్నాడు మెదెర్ మెచ్చుకోలుగా.

భూకంపం వచ్చి ఎనిమిది రోజులు. కోక్‌బులాక్‌లో పశువుల డాక్టరు మెదెర్ ఒక్కడే. బడి మైదానంలో గుడారం వేసుకుని, శిథిలాల్లోంచి బయటపడ్డ కుక్కలకూ పిల్లులకూ కట్లు కడుతున్నాడు. వాటి ఫోటోలు ఫోన్లో పెట్టి, సొంతదారుల్ని వెతికి అప్పగిస్తున్నాడు. నూర్జమాల్ మూడో రోజున రాజధాని నుంచి వచ్చి సాయం చేస్తానంది. కూలిపోయిన అయిదంతస్తుల భవనంలో ఆమె తల్లి పోయింది. అందులోనే మెదెర్ అన్నా వదినా పోయారు. ఆమె తల్లి మాట విన్నాక అతను ఆమెను ఇంకేమీ అడగలేదు. తన రొట్టెలో సగం విరిచి ఇచ్చాడు.

కుక్క మెడపట్టీ తిప్పి, ఇత్తడి బిళ్ల మీద చెక్కిన పేరు చదివాడు మెదెర్. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“కుబాత్. ఇది వాడి కుక్క.”

ఆ భవనం కట్టిన కాంట్రాక్టరు కుబాత్. భూమి కదిలిన రోజే మాయమయ్యాడు. పోలీసులు వెతుకుతున్నారు. ఊరంతా వాడికి శాపనార్థాలు పెడుతోంది.

మెదెర్ మందుల పెట్టె తెరిచి సూది అందుకున్నాడు. ఇక బతకవనుకున్న జంతువుల కోసం దాచిన మందు అది.

“నాలుగు రోజులు తవ్వితే దొరికాడు మా అన్న. వాడి కుక్కకి నేను కట్టు కట్టాలా?”

“దీన్ని చంపితే వాడికి తెలియను కూడా తెలియదు,” అంది నూర్జమాల్. “నీకు కావలసింది కుక్కా, వాడా?”

“వాడే.”

“అయితే కట్టు కట్టు. దీన్ని చూపించి వాణ్ణి రప్పిద్దాం.”

“జైలుకు పోతానని తెలిసి కుక్క కోసం ఎవడొస్తాడక్కా?”

“వాడొస్తాడు.”

కట్టు కట్టాక కుక్క ఆవురావురుమంటూ మాంసం తింటుంటే మెదెర్ ఫోన్ ఎత్తాడు. ఆమె అతని చెయ్యి కిందికి నొక్కింది.

“తినేది చూపించకు. బాగానే ఉందనుకుని ఊరుకుంటాడు. గిన్నె తీసెయ్. గుమ్మం వైపు చూస్తూ మూలిగేటప్పుడు తియ్యి. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదని రాయి.”

మెదెర్ అలాగే చేశాడు.

“నీలో ఇంత పగ ఉందనుకోలేదు,” అన్నాడు.

“నాకూ తెలీదు, మా అమ్మని గుడ్డలో చుట్టేదాకా.”

మర్నాడు తన పిల్లి కోసం వచ్చిన అనార్ అవ్వ ఆ కుక్కని చూసి ఉమ్మేసింది.

“నా పిల్లికి పోసిన పాలే దీనికీ పోస్తున్నారా? సిగ్గు లేదూ?”

“ఎరకి పోస్తున్నాం అవ్వా,” అంది నూర్జమాల్ మెల్లిగా. “నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు.”

ఆ సాయంత్రం అవ్వ గొర్రె ఎముక ఒకటి తెచ్చి కుక్క ముందు పడేసి వెళ్లిపోయింది.

రెండు రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. టీ తాగుతూ మెదెర్ అడిగాడు.

“తెలిసే చేశాడంటావా?”

“తెలిసే. ఊరి చివర కట్టుకున్న తన ఇంటి గోడల్లో లావుపాటి ఇనప చువ్వలు వేసుకున్నాడు. అది చెక్కు చెదరలేదు. మనవాళ్ల భవనంలో చువ్వల్ని చేత్తో వంచొచ్చు.”

మెదెర్ తలూపాడు. ఆ ఇంటిని చూసి రాని వాళ్లు, దాని గేటు మీద ఉమ్మని వాళ్లు ఊళ్లో లేరు.

“మరి మీ అమ్మ అందులో ఎలా చేరింది?”

“మంచి ఇల్లని నమ్మించారు. చేరి రెండు నెలలే.”

నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చాడు కుబాత్. టోపీ కళ్ల మీదికి లాక్కుని, ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకున్నాడు. ముందే కబురందుకుని పక్క గుడారంలో మామూలు బట్టల్లో కాచుకున్న పోలీసులు టీ గిన్నెలు కింద పెట్టారు. నూర్జమాల్ తెర వెనక్కి తప్పుకుంది. మెదెర్ పళ్ల బిగువున నవ్వి, లోపలి కంచె చూపించాడు.

కుక్క గెంతిన గెంతుకి కట్టు ఊడింది. ఆ మనిషి మట్టిలో మోకాళ్లూని దాన్ని వాటేసుకున్నాడు.

“ఏమీ తినలేదట్రా నాన్నా, నా కోసం ఏమీ తినలేదట,” అంటూ ఏడ్చాడు.

అన్న ఇంటి గోడలోంచి పెరికి తెచ్చుకున్న చువ్వ మెదెర్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. నూర్జమాల్ కంచె తలుపు గడియ పెట్టి, అతని మణికట్టు పట్టుకుంది.

“కొట్టకు. కొడితే జనం జాలిపడతారు. వాడు బతకాలి. జైల్లో ముసలివాడయ్యేదాకా బతకాలి.”

ఆ గొంతు విని కుబాత్ తలెత్తాడు. పోలీసుల్ని చూడలేదు, చువ్వని చూడలేదు. ఆమెనే చూశాడు. వెంటనే కళ్లు దించుకున్నాడు. చచ్చినవాళ్ల తాలూకు మనిషి కళ్లలోకి చూడటం అంత తేలికా, అనుకున్నాడు మెదెర్.

బేడీలు వేశాక మాత్రం అడిగాడు.

“వ్యాను దాకా దీన్ని నాతో రానివ్వండి.”

నూర్జమాల్ కుక్క తాడు పిడికిలికి చుట్టుకుంది.

“ఎక్కడికీ రాదు.”

వ్యాను కదిలింది. కుక్క కొంతసేపు గింజుకుని, ఆమె పాదాల దగ్గర కూలబడింది. మెదెర్‌కి పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆకలేసింది. రొట్టె విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చాడు.

దర్యాప్తు అధికారి మెదెర్ వాంగ్మూలం రాసుకుని, ఆమె వైపు కాగితం తిప్పాడు.

“పేరు?”

“నూర్జమాల్.”

“నిందితుడు మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“ఎలా?”

“వాడి పెళ్లాన్ని.”