కోటలో మంచినీళ్లు

"నడవలేని వాళ్లు పడవలోనే కూర్చోవాలి" అన్నాడు కోట కాపలావాడు, పెద్దులు వైపు చూస్తూ.

మల్లేష్‌కు ఒళ్లు మండింది. మర్రిగూడ పక్క పల్లె నుంచి బస్సెక్కి, రైలెక్కి, బొంబాయి దాటి, చివరికి ఈ ఊగిపోయే పడవ కూడా ఎక్కి వచ్చింది దేనికి? సముద్రంలో నిలబడ్డ కోటను బయటి గోడ చూసి పోవడానికా?

"నడిచేది నేను. నీకేం తిప్పలు?" అన్నాడు, బొంబాయిలో నేర్చుకున్న హిందీలో. పెద్దులు ముందు వీపు తిప్పి గొంతుక్కూర్చున్నాడు. "నాయినా, మెడ సుట్టు చేతులెయ్యి. జర గట్టిగ పట్టుకో."

పెద్దులు చేతులేశాడు. ఆ చేతులు పూర్తిగా చాచడానికి రావు. నడుము విల్లులా వంగింది. మెడ తిరగదు. తలకు తువ్వాలు, నోట్లో గారపట్టిన పళ్లు. ఫ్లోరైడు నీళ్ల ఊళ్లలో ఇలాంటి మనుషులు కనబడుతూనే ఉంటారు.

పడవలో వాళ్లంతా అయ్యో అన్నారు. హైదరాబాదు నుంచి భర్తతో విహారానికి వచ్చిన స్వర్ణలత అయితే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"కొడుకంటే నువ్వయ్యా! మా ఇంట్లోనూ ఉన్నారు ఇద్దరు, ఎందుకు? నన్ను కారెక్కించడానికే విసుక్కుంటారు."

మల్లేష్ నోరు తెరిచాడు. ఆమె అప్పటికే ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది.

పెద్దులు కోరిక ఒక్కటే. మంచం మీద పడుకుని ఫోను చూస్తుంటే ఒకరోజు ఈ కోట కనిపించింది. చుట్టూ ఉప్పు సముద్రం. మధ్యలో కోట. కోట లోపల తియ్యటి నీళ్ల బావి!

"గా నీళ్లు ఒక్క గుక్క తాగాలె" అని పట్టుబట్టాడు. అప్పటిదాకా నోరు తెరిచి ఏదీ అడగని మనిషి.

మల్లేష్ భార్య ఉప్పలమ్మ కయ్యిమని లేచింది. "గంత దూరం మోసుకపోతవా? నీ నడుము గూడ ఇరిగితె ఇద్దర్ని నేను మొయ్యాల్నా?"

మల్లేష్ వినలేదు. ఎలా వింటాడు? అతను బొంబాయిలో సెంట్రింగు పని చేస్తూ అక్కడి కుళాయి నీళ్లు తాగిన ఏళ్లన్నీ, ఇంటి దగ్గర పెద్దులు తాగింది ఊరి బోరింగు నీళ్లు. అందుకే మల్లేష్ ఎముకలు నిటారుగా నిలిచాయి. నెరిసిన తల చూస్తే పనికి పిలవరని జుట్టుకు రంగేస్తాడు గానీ, ఒంట్లో సత్తువ మాత్రం తగ్గలేదు. పైసలు పంపాడు. నీళ్లు పంపలేడు కదా! ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, మంచి నీళ్లే వస్తున్నాయి. వచ్చి ఏం లాభం? వంగిన ఎముక వింటుందా?

మెట్లు నాచు పట్టి జారుతున్నాయి. మల్లేష్ ఒక్కొక్కటే ఎక్కుతున్నాడు.

"దించు. జర దమ్ము తీస్కో" అన్నాడు పెద్దులు.

"ఫికర్ జెయ్యకు నాయినా. నువ్వెంత బరువున్నవని?"

నిజమే. పత్తి మూటంత బరువు కూడా లేడు. మల్లేష్‌కు ఏడుపొచ్చేది అందుకే.

గైడు రాజుల గురించి, ఫిరంగుల గురించి గొంతు చించుకుంటున్నాడు. వినేవాళ్లేరి? అందరి కళ్లూ మల్లేష్ మీదే. ఒకాయన పక్కన నిలబడి సెల్ఫీ దిగాడు. "కన్నవాళ్లను కావడిలో మోసినవాళ్ల గురించి వినడమే. ఇవాళ కళ్లారా చూశాం" అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టైంది మల్లేష్‌కు. కాదంటే మొత్తం చెప్పాలి. చెబితే ఈ మెచ్చుకోళ్లన్నీ అయ్యో పాపాలైపోతాయి. అవి పెద్దులు చెవిన పడతాయి. మింగలేక కక్కలేక తల దించుకుని నడిచాడు.

బావి దగ్గరికి వెళితే దానికి ఇనుప జాలీ! చూడటమే తప్ప తాగడానికి కుదరదన్నాడు గైడు.

"ఒక్క గుక్క, భయ్యా! గీ నీళ్ల కోసమే వచ్చినం. నీ కాళ్లు మొక్కుతా" అన్నాడు మల్లేష్ హిందీలో. గైడు అడ్డంగా తల ఊపాడు.

స్వర్ణలతకు కోపం నషాళానికంటింది. "ఏమయ్యా, నీకూ ఓ తండ్రి ఉండే ఉంటాడుగా? పోయేకాలంలో పెద్దాయన గుక్కెడు నీళ్లడిగితే లేదంటావా?" అని తెలుగులోనే దులిపేసింది. మాట అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమైంది గైడుకు. గొణుక్కుంటూ జాలీ తలుపు తీసి, బొక్కెనతో నీళ్లు చేదాడు.

మల్లేష్ పెద్దులును గట్టు మీద దించాడు. పైకి లేవని ఆ తల కింద చెయ్యి పెట్టి, రెండో చేతి పుడిసిట్లోని నీళ్లు కొంచెం కొంచెంగా నోట్లో పోశాడు. పెద్దులు కళ్లు మూసుకుని తాగాడు. సగం నీళ్లు గడ్డం మీదుగా కారిపోయాయి.

"ఎట్లున్నయి నాయినా?"

"మస్తు తియ్యగున్నయి."

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. "తండ్రి రుణం తీర్చుకున్నావయ్యా!" అంది స్వర్ణలత.

ఇంకా ముప్పై అయినా నిండని పెద్దులు వంకరపోయిన వేళ్లతో మల్లేష్ చెయ్యి పట్టుకుని, "నా సిన్నప్పుడే మనూర్ల గిసొంటి నీళ్లుంటే, గియ్యాల నేనే నిన్ను మోస్తుంటి గద, బాపూ" అన్నాడు.